చివరి ఇంటి నల్లా

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగించారు. సాయంత్రం నల్లా తిప్పగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. మా చిన్నోడు ముక్కు మూసుకుని "అమ్మా, ఈ నీళ్లు వద్దు" అంటూ హాల్లోకి పరుగెత్తాడు. నేను నల్లా కట్టేయకుండా అట్లాగే నిలబడ్డాను. బకెట్ నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

నాకది మా పెద్దనాయన వాసన. తెల్లవారుజామునే వాటర్ ట్యాంకు దగ్గరికి పోయి, ఏడు గంటలకు ఇంటికి తిరిగొచ్చేసరికి ఆయన పంచె అంచుకూ చేతులకూ అదే వాసన ఉండేది. అంతకుముందు, నా ఇంకా చిన్నప్పుడు, ఆయన పక్కన కూర్చుంటే మడి బురద వాసన, గొడ్ల కొట్టం వాసన వచ్చేవి. పెద్దనాయన రైతు నుంచి మున్సిపల్ చైర్మన్ అయ్యాక ఆయనలో మారింది ఆ వాసన ఒక్కటే అనిపిస్తుంది.

పోయిన నెల ఆయన సంవత్సరికానికి ఊరికి పోయివచ్చాను. వచ్చినప్పటి నుంచీ రాయాలని ఉంది. ఆ బకెట్ దగ్గర నిలబడ్డాక ఇక ఆగలేకపోయాను.

*

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న టౌను. ఒక బస్టాండు, ఒక గంజ్, ఊరి పడమర ఒక చెరువు. చెరువు కింద మాకు మూడెకరాల తరి, అంటే నీళ్లు పారే వరి పొలం, ఊరవతల బోరు కింద బత్తాయి తోట, మిగతాది ఆముదాలూ కందులూ వేసే చెలక. సేద్యమంతా పెద్దనాయనదే. మా నాయన ఆయనకు తమ్ముడు, గంజ్‌లో చిన్న దుకాణం నడిపేవాడు. ఇల్లు ఒక్కటే. ముందు భాగంలో మేము, వెనక భాగంలో పెద్దనాయన, పెద్దమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఏ ఇంట్లో అన్నం తిన్నానో, ఏ ఇంట్లో పడుకున్నానో ఎవరూ లెక్క పెట్టలేదు.

అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రాత్రిళ్లే ఎక్కువ. ఏ పన్నెండుకో రెండుకో వచ్చేది. పెద్దనాయన లేచి చెప్పులు కూడా లేకుండా పార భుజాన వేసుకుని బయల్దేరేవాడు. సెలవులైతే నేనూ వెంటపడేదాన్ని. టార్చిలైటు పట్టుకోవడం నా పని. ఒడ్ల మీద ఆయన అడుగుల చప్పుడు, ముందు కప్పల అరుపు, మేం దగ్గరికి రాగానే అవి ఒక్కసారిగా ఆగిపోవడం, దూరంగా మోటారు గుర్రుమనే మోత. ఈ మూడూ ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆయనకొక అలవాటుండేది. నీళ్లు పెట్టే ముందు నేరుగా అన్నిటికన్నా చివరి మడికి పోయేవాడు. దారిలో తుంచిన తంగేడు కొమ్మను ఆ మడి మూలన గుచ్చి, తర్వాత వెనక్కొచ్చి కాలువ మడవ తీసేవాడు. గంటో గంటన్నరో అయ్యాక నన్ను పంపేవాడు.

"బిడ్డా, పోయి ఆ కొమ్మ మొదలు చూసి రా. తడిసిందా?"

నేను లైటు వేసి, వంగి, వేలితో మట్టి తాకి చూసేదాన్ని. తడి తగిలితే "తడిసింది పెద్దనాయనా" అని అక్కణ్నుంచే అరిచేదాన్ని. అప్పుడు గానీ ఆయన ఒడ్డు మీద కూర్చుని చుట్ట వెలిగించేవాడు కాదు. దగ్గరి మడులు నిండాయా లేదా అని ఒక్కనాడు అడగలేదు. ఎందుకని నేనడిగితే, "దగ్గరి మడికి నీళ్లు ఎట్లైనా పోతయి. మనం సూడకున్నా పోతయి" అన్నాడు.

చెరువులో నీళ్లు తక్కువున్న ఏడు ఆయన ఇంకా గట్టిగా ఉండేవాడు. పూర్వం తైబందీ అని ఉండేదట. ఉన్న నీళ్లకు ఎన్నెకరాలు పారుతుందో ముందే లెక్కగట్టి, తలా కొంత భూమికే నీళ్లివ్వడం. చెరువు నీళ్లు పంచే నీరటి తూము తీస్తే ఎవరి వంతు వాళ్లది. పెద్దనాయన చిన్నప్పుడు చూసిన పద్ధతి అది. "ఆబీకి నిండకుంటే తాబీ మాటే లేదు" అనేవాడు. వానకాలం పంటనూ ఎండకాలం పంటనూ ఆబీ, తాబీ అని పిలిచిన చివరి మనిషి మా ఇంట్లో ఆయనే.

*

1997లో రైతులే నీళ్ల నిర్వహణ చూసుకోవాలని చట్టం వచ్చి నీటి సంఘాలు పెట్టారు. మా చెరువు సంఘానికి పెద్దనాయనను నిలబెట్టారు. ఆయనకు అసలు ఇష్టం లేదు. పెద్దమ్మకైతే మరీ లేదు. చెరువు చివర కింద పది పన్నెండు కుటుంబాలుండేవి. వాళ్ల భూములు కాగితం మీద తరి, నిజానికి మెట్ట. శిస్తు కడతారు గానీ నీళ్లు రావు. వాళ్లంతా కలిసి ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు కూర్చున్నారు. పెద్దమ్మ చాయ్ పోసింది. చాయ్ తాగి కూడా లేవలేదు. చివరికి ఈయన సరే అనక తప్పలేదు.

ఆ ఏడు ఆయన కాలువ పూడిక తీయించాడు. కూలీల వెంట తానూ పార పట్టాడు. ఆ కింది భూముల్లో వరి పండింది. పెద్ద ఘనకార్యమని ఎవరూ పేపర్లో రాయలేదు. కానీ ఒక ముసలమ్మ కొత్త వడ్లు దంచి, ఆ బియ్యం కొంగున మూటగట్టి మా పెద్దమ్మ చేతిలో పెట్టి పోవడం నేను చూశాను.

తర్వాత మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. అప్పట్లో చైర్మన్‌ను కౌన్సిలర్లు కాదు, జనమే నేరుగా ఓటేసి ఎన్నుకునేవాళ్లు. పెద్దనాయన ఇండిపెండెంట్‌గా నిలబడ్డాడు. ప్రచారానికి జీపు లేదు, మైకున్న ఆటో ఒక్కటే. ఆ చెరువు కింది రైతులే ఇంటింటికీ తిరిగారు. గెలిచిన రోజు డప్పులూ గులాలూ అన్నీ అయ్యాక, రాత్రి తొమ్మిదింటికి తల మీద రంగుతోనే పోయి బర్రెకు పాలు పిండాడు. అది వేరే ఎవరి చెయ్యికీ చేపదు మరి.

*

పెద్దనాయన చదివింది నాలుగో తరగతి, అదీ నిజాం కాలంలో ఉర్దూలో. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. అందుకని మీటింగు ముందురోజు రాత్రి అజెండా కాగితాలు నేను చదివి వినిపించాలి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆయన నులక మంచం మీద కళ్లు మూసుకుని పడుకునేవాడు. నిద్రపోయాడేమో అనుకుని ఒక పేజీ వదిలేస్తే, "నడుమ ఒకటి పోయింది బిడ్డా" అనేవాడు.

ఒకసారి ఊరి చివరి వార్డులకు కొత్త పైపులైను అంచనా వచ్చింది. పైపు సైజు చదివాను. లేచి కూర్చున్నాడు.

"ఎన్ని ఇంచులు?"

"మూడు, పెద్దనాయనా."

"బోదె సన్నగుంటే చివరి మడికి నీళ్లెక్కడియి? రాసినోడు ఎప్పుడన్నా నీళ్లు పారబెట్టిండా?"

తెల్లారి ఆ కాగితం పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పోయాడు. కోపంగా కాదు. నేల మీద సుద్దముక్కతో కాలువ గీసి, ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ, మధ్యలో ఎన్ని ఇళ్లు గుంజుకుంటాయి, అన్నీ చెప్పాడట. ఆ ఇంజనీరు మంచివాడు, విన్నాడు. అంచనా మార్చి ఆరు ఇంచుల పైపు వేశారు. ఆ లైను ఇప్పటికీ పనిచేస్తోంది.

ఆఫీసు కన్నా ఆయన ఎక్కువగా ఉన్నది ట్యాంకు దగ్గర. నాలుగున్నరకు సైకిల్ మీద బయల్దేరేవాడు. బ్లీచింగ్ పౌడర్ ఎంత కలుపుతున్నారో కళ్లారా చూసి, అక్కణ్నుంచి నేరుగా చివరి వీధికి. పైపు చివర నల్లాలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలనేది లెక్క. దాన్ని చూడ్డానికి క్లోరోస్కోప్ అని ఒక చిన్న పెట్టె. గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. పక్కనున్న రంగులతో పోల్చి చూడాలి. రంగు రాకపోతే క్లోరిన్ అక్కడిదాకా చేరనట్టు.

ఆయన ఆ గొట్టాన్ని పొద్దుటి సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూడటం నాకు బాగా గుర్తు. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను చిట్లించి, పంటి కింద చుట్ట. గోళ్లలో మట్టి, ఆ మట్టి చేతుల మధ్య సన్నని గాజు గొట్టం. నీళ్లు పసుపెక్కగానే నావైపు తిరిగి, "తడిసింది బిడ్డా" అన్నాడు. తంగేడు కొమ్మ సంగతి ఇద్దరికే తెలుసు కాబట్టి ఆ మాట మా ఇద్దరిదే అయిపోయింది.

*

నీళ్లు వదిలే గంటలో దగ్గరి ఇళ్లవాళ్లంతా నల్లాకు మోటార్లు బిగించి గుంజేవాళ్లు. సంపులు నిండేవి, మిద్దె మీద ట్యాంకులు నిండేవి. చివరి వీధుల్లో మాత్రం నల్లా బుస్సుమని గాలి వదిలి ఊరుకునేది. ఆడవాళ్లు బిందెలు వరుసలో పెట్టి, నల్లా మూతికి చెవి ఆనించి వినేవాళ్లు, నీళ్ల చప్పుడేమన్నా వస్తుందేమోనని.

మోటార్లు తీసేయాలని దండోరా వేయించాడు. ఎవరూ తీయలేదు. నీళ్లొచ్చే గంట కరెంటు ఆపించాడు. తిట్టారు, పిల్లలు పరీక్షలకు చదువుకునే టైమని ధర్నా చేశారు. చివరికి సిబ్బందిని వెంటబెట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడు.

మొదట ఆగింది మా ఇంటి ముందే.

మా నాయన నల్లాకు అర హెచ్‌పీ మోటారు బిగించాడు. మెయిన్ లైను మా గుమ్మం ముందు నుంచే పోతుంది. ఆ మోటారు సంగతి పెద్దనాయనకు తెలియదని నాయన అనుకున్నాడో, తెలిసినా తమ్ముడిని ఏమంటాడులే అనుకున్నాడో. పెద్దనాయన సిబ్బందిని బయటే ఉండమన్నాడు. తానే లోపలికొచ్చి, పానాతో బోల్టులు విప్పి, మోటారు పక్కన పెట్టి, వైరు చుట్టలు చుట్టి, నడుమ జనపనారతో ముడి వేశాడు. ఒక్క మాట అనలేదు. వీధంతా చూస్తోంది. నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోవడం నేను చూశాను.

ఆ రోజు సాయంత్రానికి సగం ఊళ్లో మోటార్లు వాటంతటవే మాయమయ్యాయి. కానీ మా ఇంట్లో అన్నదమ్ములకు మాటలు ఆగిపోయాయి. ఒకే వాకిలి, ఒకే బావి, మాటలు లేవు. పండక్కి కూడా పలకరించుకోలేదు. పెద్దమ్మ, మా అమ్మ గోడ మీదుగా కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. నాయనదే తప్పని అప్పుడే తెలుసు నాకు. అయినా అందరి ముందూ ఆయన తలొంచుకోవడం చూసిన కూతుర్ని కదా, పెద్దనాయన మీద నాకూ కొన్నాళ్లు కోపం ఉండింది. రాత్రిపూట అజెండా చదవడానికి తలనొప్పి అని పోలేదు. ఆయన అడగలేదు. కూడబలుక్కుంటూ ఒక్కడే చదువుకునేవాడు. గోడ ఇవతల నుంచి ఆ గొంతు వినిపించేది. మూడో రాత్రికి నేనే పోయి కాగితాలు అందుకున్నాను.

*

నల్లగొండ వాళ్లకు నీళ్లంటే నీళ్లొక్కటే కాదు. ఫ్లోరైడ్. నా పక్కన కూర్చునే క్లాస్‌మేట్ నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది, పళ్లమీద గోధుమరంగు గార. వాళ్ల ఊళ్లో నలభై ఏళ్లకే నడుం వంగిపోయిన మనుషులు, కాళ్లు విల్లులా వంగిన పిల్లలు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా దిక్కు బోర్లలో దానికి ఎన్నో రెట్లు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. పేరైతే మాదే, బాధా మాదే.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు, తాగడానికి కృష్ణా నీళ్లివ్వమని దేశానికి వినపడేట్టు చెప్పడానికి. బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయింది, ఎన్నికే వాయిదా పడింది. అప్పటికి నేను చిన్నపిల్లను. పెద్దనాయన ఆ రోజుల్లో నల్లగొండ పోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "గాంధీ ఉప్పు పట్టిండు, మనోళ్లు బ్యాలెట్ పట్టిండ్రు" అనడం గుర్తుంది. ఆ తర్వాతి ఏళ్లలో పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరుకు వచ్చాయి. అక్కణ్నుంచే హైదరాబాద్‌కూ పోతున్నాయి. నేనిక్కడ తాగే నీళ్లలో అవీ ఉంటాయని తెలిసినప్పుడు చాలాసేపు గ్లాసు వైపే చూశాను.

*

ఆయన పదవిలో ఉన్న నడిమి రెండేళ్లు ఘోరమైన కరువు. మిరుగం పోయింది, ఆరుద్ర పోయింది, చెరువులో పిల్లలు క్రికెట్ ఆడారు. టౌను బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ట్యాంకర్లకు నీళ్లు నింపడానికి రైతుల బోర్లు కిరాయికి తీసుకోవాల్సి వచ్చింది. దొరికిన చాలా వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా బత్తాయి తోట బోరు నీళ్లు పరీక్షకు పంపారు. రిపోర్టు నేనే చదివాను, 1.1 అని. పెద్దనాయన మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

చైర్మన్ తన బోరును మున్సిపాలిటీకే కిరాయికి ఇచ్చుకోకూడదు, పదవి పోతుంది. పదవి పోయేదని కాదు గానీ, ఆయనకు ఆ డబ్బు ఆలోచనే లేదు. తెల్లారి నుంచి ట్యాంకర్లు మా తోట ముందు వరుస కట్టాయి. కరెంటున్నంతసేపూ బోరు వాటికే.

బత్తాయి చెట్టు ఒక్కరోజులో చావదు. ముందు ఆకు వడలి దోనెలా మడుచుకుంటుంది. పిందె రాలుతుంది. కొమ్మ చివర్ల నుంచి ఎండుకుంటూ కిందికి దిగుతుంది. పెద్దనాయన సాయంత్రాలు పోయి ఒక్కో చెట్టు బెరడు గోటితో గీకి చూసేవాడు, లోపల పచ్చగా ఉందా అని. పద్నాలుగేళ్లు పెంచిన చెట్లు. పాదులు తీసిందీ అంటు తెచ్చిందీ ఆయనే. ఒకరోజు పెద్దమ్మ ఊరుకోలేక, "ఒక్క ట్యాంకర్ మనకు పారిస్తే ఏమైతది?" అంది. ఆయన జవాబు చెప్పకుండా బయటికి పోయాడు. రాత్రి పెద్దమ్మ నాతో, "అడగకుండా ఉండాల్సింది" అని ఏడ్చింది.

వేసవి చివర చెట్లు కొట్టించారు. గొడ్డలి దెబ్బ తర్వాత దెబ్బ, పొద్దంతా. కొట్టిన బత్తాయి కట్టెకు పుల్లటి తీపి వాసన ఉంటుంది, కాయలో ఉండే వాసనే. ఆ కట్టెలన్నీ ఎడ్లబండి మీద వేసి ఇంటికి తోలుకొచ్చింది ఎవరనుకున్నారు? మా నాయన. దుకాణం మూసి వచ్చాడు. బండి దించుతుంటే పెద్దనాయన పక్కకొచ్చి చెయ్యి వేశాడు. "పై మొద్దు పట్టు" అన్నాడు నాయన. దాదాపు ఏడాది తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాట అదే.

*

పదవీకాలం అయిపోయింది. తర్వాతి ఎన్నికల నుంచి చైర్మన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకునే పద్ధతి వచ్చింది. పెద్దనాయన మళ్లీ ఆ వైపు చూడలేదు. తోట పోయిన చోట మళ్లీ ఆముదాలు వేశాడు. టౌన్లో మాత్రం చనిపోయేదాకా "చైర్మన్ సాబ్" అనే పిలిచారు. నల్లా రాకపోతే కొత్తవాళ్ల దగ్గరికి పోకుండా ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన సైకిలెక్కి వాల్వ్ దగ్గరికి పోయేవాడు.

సంవత్సరికం రోజు తెల్లవారుజామున నిద్ర పట్టక లేచి, చివరి వీధికి నడిచాను. వీధి చాలా మారింది, సిమెంటు రోడ్డు, మిద్దెలు. ఒక ఇంటి ముందు ఒకామె నల్లా కింద బిందె పెట్టి పళ్లు తోముకుంటోంది. నల్లా కాసేపు బుస్సుమంది. తర్వాత నీళ్లు. ఆమె నన్ను గుర్తుపట్టలేదు, నేనూ చెప్పలేదు. దోసిట్లో కాసిని నీళ్లు పట్టి మొహం కడుక్కున్నాను. అదే వాసన.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయన నన్ను కొట్టంలోకి పిలిచాడు. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి, చెయ్యి కొంచెం వణుకుతుంది. మూలనున్న గోనెసంచి విప్పాడు. లోపల ఆ అర హెచ్‌పీ మోటారు. తుప్పు పట్టింది. వైరు మాత్రం చుట్టలు చుట్టి అట్లాగే ఉంది.

"పాత సామాన్లోడు రెండు మూడుసార్లు అడిగిండు," అన్నాడు. "ఇయ్యలే. ఆ ముడి అన్న వేసింది."

నేను జనపనార ముడి మీద వేలు పెట్టి చూశాను. బిగువు పోలేదు. నాయన సంచి మళ్లీ కప్పాడు.